సెల్లులో తిరిగే చక్రం

2025 ఆగస్టు 20వ తేదీన లోక్‌సభ ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న మా బోటివారికి వినవచ్చినవి నినాదాలే గాని వాదాలు కావు. బీహారు ఓటర్ల జాబితాల సవరణపై ప్రతిపక్షం వారు ఆందోళన సాగిస్తున్నారు. ఆ కోలాహలం నడుమనే ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖల మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహానికీ, నియంత్రణకూ ఉద్దేశించిన బిల్లును సభ ముందుంచారు. ఏ రోజున ప్రవేశపెట్టారో ఆ రోజుననే లోక్‌సభ దానిని ఆమోదించినది. మరునాడు రాజ్యసభ ఆమోదించినది. ఆ మరునాడు రాష్ట్రపతి సమ్మతి లభించినది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశవ్యాప్తంగా నిషేధించే శాసనం మూడు దినాలలో పుట్టినది. ఉభయసభలలోనూ చర్చ అనదగినది ఏదీ జరగలేదు.

ఆ బిల్లు మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న ఆనాడు నన్ను బాధించలేదు. మంచిదేనని నా విశ్వాసం. నన్ను బాధించినది మరొకటి. ఏ రాష్ట్రానికైనా తన శాసనసభ అంటూ ఒకటి ఉన్నది. పార్లమెంటు తొందరపడినా, ఆలస్యం చేసినా ఆ రాష్ట్ర ప్రజలు చెప్పుకోవడానికి మరొక గడప ఉన్నది. అటువంటి గడప లేని ప్రజలు మన దేశంలో ఉన్నారు. వారిలో మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. వారే అండమాన్ నికోబార్ దీవుల వాసులు.

ఆ తరువాత కొంతకాలానికి వేరొక పని మీద ఆ దీవులకు వెళ్ళడం తటస్థించినది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్కడి మనవారు మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనసంఖ్య 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు నూటికి 13 మంది, అనగా సుమారు యాభై వేలు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకూ, కూలి పనులకూ, చిన్న ఉద్యోగాలకూ ఓడలెక్కి వెళ్ళినవారు, వారి సంతానమూను.

జంగ్లీఘాట్ అనే పేట మత్స్యకారులకు నెలవు. అక్కడ ఒక సాయంత్రం పరిచయస్థుల ఇంట కూర్చున్నాను. డెబ్బయి దాటిన ఆ ఇంటి పెద్ద శ్రీకాకుళం యాసను చెక్కు చెదరనీయకుండా దాచుకున్న మనిషి. మాటల సందర్భంలో ఢిల్లీలో జూదం మీద చట్టం వచ్చినదట గదా అని ఆయనే అడిగారు. వచ్చినదన్నాను. ఆయన కొంతసేపు ఊరుకుని, లోపలి గది వైపు చూచి ఇట్లా అన్నారు:

“ఏటి సెప్పమంటారు బాబూ! సంద్రంలో మునిగిన పడవ ఎక్కడ మునిగిందో సెప్పగలం గాని, మా మనవడి డబ్బు ఎక్కడ మునిగిందో సెప్పలేకపోతన్నాం.”

ఆ మనవడికి ఇరవై నాలుగేళ్ళు. పర్యాటకుల పడవల దగ్గర టిక్కెట్లు వ్రాసే పని. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, తాగుడు అలవాటు లేనివాడు. ఏడు నెలలలో మూడు లక్షల నలభై వేల రూపాయలు పోగొట్టాడు. అందులో పడవకు కొత్త ఇంజను కొనడానికి తండ్రి కూడబెట్టినది కొంత, చెల్లెలి పెండ్లికని దాచినది కొంత, స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చినది కొంత. ఏ ఆట ఆడావు నాయనా అని అడిగాను. “రూలెట్టు సార్” అన్నాడు. “యూరోపియన్ రూలెట్టు.”

పేరు వింటేనే నాకు కళాశాల దినాలు గుర్తు వచ్చినవి. ఆంగ్ల సాహిత్యం చదువుకునే రోజులలో దోస్తోయెవ్‌స్కీ వ్రాసిన ‘జూదరి’ నవలను అనువాదంలో చదివాను. జర్మనీలోని వీస్‌బాడెన్‌లో ఇదే ఆటలో సర్వస్వం పోగొట్టుకున్న ఆ మహారచయిత, ప్రచురణకర్త పెట్టిన గడువు తరుముకు వస్తుండగా 1866లో 26 దినాలలో ఆ నవలను స్టెనోగ్రాఫరుకు చెప్పి వ్రాయించాడు. రూలెట్ అంటే నా మనస్సులో షాండిలియర్ దీపాలు, పట్టు గౌనులు, చేతికర్రల దొరలు. అది జంగ్లీఘాట్‌లో చేపల బుట్టల నడుమ, వలలు ఆరవేసిన పెరటిలో ఒక తెలుగు కుర్రవాడి అరచేతిలో తిరుగుతుందని నేనెన్నడూ ఊహించలేదు.

అతడు తన ఫోనులో ఆ ఆట నాకు చూపించాడు. డబ్బుతో కాదు, ఉత్తుత్తి రూపాయలతో ఆడే మాదిరి ఆట. ఆకుపచ్చని బల్ల, దాని మీద గడులు. పైన చక్రం. చక్రంలో సున్న నుంచి 36 వరకు 37 అరలు. సున్న ఆకుపచ్చ, తక్కినవాటిలో పద్దెనిమిది ఎరుపు, పద్దెనిమిది నలుపు. పందెం ఉంచి మీట నొక్కితే చక్రం తిరుగుతుంది, గోళీ ఎగిరి ఒక అరలో పడుతుంది. నిజానికి అక్కడ చక్రమూ లేదు, గోళీయూ లేదు. ఎక్కడో ఉన్న కంప్యూటరు క్షణంలో ఒక అంకెను ఏరివేస్తుంది. మనకు కనిపించే గిరగిరలు కంటికి కట్టే బొమ్మ మాత్రమే.

గుండాట తెలిసిన మనవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. సంక్రాంతి కోడిపందేల పక్కన దీపాల వెలుగులో సాగే ఆ గుండాటలో బొమ్మ మీద డబ్బు కాస్తారు, ఇక్కడ అంకె మీద కాస్తారు. భేదం లెక్కలో ఉన్నది. ఒక అంకె మీద పందెం కాసి గెలిచినవాడికి 35 రెట్లు ఇస్తారు. అరలు 37 గనుక న్యాయంగా ఇవ్వవలసినది 36 రెట్లు. ఆ తగ్గిన ఒక్క రెట్టే ఆట నడిపేవాడి జీవనాధారం. ఎరుపు మీద కాసినా, నలుపు మీద కాసినా సున్న పడినప్పుడు రెండు పక్షాల డబ్బూ వాడిదే. కాసిన ప్రతి నూరు రూపాయలకు సగటున 2 రూపాయల 70 పైసలు వాడి వాటా. అమెరికా చక్రంలో రెండు సున్నలుంటాయి గనుక ఆ వాటా 5 రూపాయల 26 పైసలు. 1843లో ఫ్రాన్సు దేశస్థులైన బ్లాంక్ సోదరులు జర్మనీలోని హోంబుర్గ్ పట్టణంలో ఒకే సున్న గల చక్రాన్ని పెట్టి, ఇతరులకంటె తాము ఉదారులమని చాటుకుని జనాన్ని ఆకర్షించారు. ‘యూరోపియన్’ అన్న పేరు వెనుక ఉన్న గొప్పతనమంతా ఇంతే.

2 రూపాయల 70 పైసలు ఎంత చిన్న మొత్తం! కాని ఇక్కడనే మోసం ఉన్నది. జూదశాలలో నలుగురు కూడి, పందేలు ఉంచి, గోళీ ఆగి, డబ్బు పంచేసరికి నిమిషాలు గడుస్తాయి. గంటకు 35 ఆటలు అనుకుందాము. ఆటకు నూరు చొప్పున కాసేవాడు గంటలో 3,500 రూపాయలు కాస్తాడు. సగటున 95 రూపాయలు పోగొట్టుకుంటాడు. ఫోనులో ఇరవై సెకండ్లకు ఒక ఆట సునాయాసంగా సాగుతుంది. గంటకు 180 ఆటలు. అదే నూరు రూపాయల పందెంతో కాసిన మొత్తం 18,000. పోయేది సగటున 486 రూపాయలు. చక్రంలో న్యాయం మారలేదు, సున్న ఒకటే. మారినది వేగం. ఆట యంత్రం ఎంత నిజాయితీగా పని చేసినా ఈ లెక్క తప్పదు. ఇక ఏ దేశంలో ఎవరు నడుపుతున్నారో తెలియని యంత్రం నిజాయితీగా పని చేస్తుందని హామీ ఇచ్చేవారెవరు?

ఆ కుర్రవాడికి ఈ లెక్క తెలియక కాదు. “తెలుసండి. కాని నా దగ్గర ఒక పద్ధతి ఉండేది” అన్నాడు. ఆ పద్ధతి యూరపులో రెండు వందల ఏళ్ళుగా ఎందరినో ముంచినదే. ఎరుపు మీద నూరు కాయడం, పోతే రెండు వందలు, పోతే నాలుగు వందలు, గెలిచేదాకా రెట్టింపు చేస్తూ పోవడం. ఏదో ఒకసారి ఎరుపు పడక తప్పదు గదా అన్నది ధైర్యం. ఆ రాత్రి బసకు వచ్చిన తరువాత నేనూ ఉత్తుత్తి పది వేల రూపాయలతో ఆ పద్ధతిని పరీక్షించాను. అరగంట సేపు నూరేసి రూపాయలు చేరుతుంటే, నవ్వు వస్తుంది గాని, నాలోనూ ఒక విధమైన గర్వం పొడసూపినది. ఆ తరువాత వరుసగా ఆరు సార్లు ఎరుపు పడలేదు. ఆరు పందేలలో 6,300 రూపాయలు పోయినవి. ఏడవసారి కాయవలసినది 6,400. నా దగ్గర అంత మిగలలేదు. వరుసగా ఆరు ఓటములు ఎంత అరుదు అని కాగితం మీద లెక్క కట్టితే సుమారు 55 వరుసలకు ఒకసారి అని తేలినది. అనగా ఫోను వేగంతో ఆడేవాడికి ఆ అరుదైన దురదృష్టం గంటకు ఒకటి రెండు సార్లు పలకరించిపోతుంది.

తెర మీద ఒక మూల గడచిన ఆటల ఫలితాలు వరుసగా కనిపిస్తూ ఉంటాయి. అది ఆటగాడికి చేసిన సౌకర్యమని నేను మొదట భ్రమపడ్డాను. నలుపు అయిదు సార్లు పడినది గనుక ఇక ఎరుపు వంతు అని అనిపించడానికే అది. చక్రానికి జ్ఞాపకశక్తి లేదు. 1913 ఆగస్టు 18న మాంటికార్లో జూదశాలలో వరుసగా 26 సార్లు నలుపు పడినది. ఇక ఎరుపే పడుతుందని ప్రతిసారీ ఎగబడి కాసినవారు లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు.

“మొదటి వారం గెలిచాను సార్. అక్కడే పాడైపోయాను” అన్నాడు ఆ కుర్రవాడు. నేను అడిగిన చివరి ప్రశ్న ఒకటి. ఏడు నెలల పాటు ఇంట్లోవారికి ఎట్లా తెలియలేదు? అతడు ఇచ్చిన సమాధానం నేను మరువలేనిది. “ఎవరూ చూడలేదు సార్. దుప్పటి కప్పుకుని ఆడేవాణ్ణి. అమ్మ పక్కనే పడుకుని ఉండేది.”

మన పూర్వులకు జూదం కొత్తది కాదు. ఋగ్వేదంలోనే జూదరి విలాపం ఉన్నది. ధర్మరాజు ఆడినది నిండు సభలో. ఆడుతున్నంతసేపూ విదురుని వంటివాడు వారిస్తూనే ఉన్నాడు. వినకపోవడం వేరు, వారించేవాడే లేకపోవడం వేరు. కోడిపందెంలో ఓడినవాడిని ఊరంతా చూస్తుంది. పేకాట క్లబ్బులో బావమరిది ఎదురుపడతాడు. ఆ సిగ్గే కొందరికైనా అడ్డుకట్ట. ఫోను ఆ అడ్డుకట్టను తీసివేసినది. మరునాడు సెల్లులర్ జైలు చూడబోయినప్పుడు ఈ మాటే మనస్సులో మెదిలినది. 1896 నుంచి 1906 వరకు కట్టిన ఆ బందిఖానా మధ్యనున్న బురుజు నుంచి ఏడు శాఖలుగా బండిచక్రపు ఆకులవలె విస్తరించి ఉండేది. ఇప్పుడు మూడు మాత్రమే మిగిలి ఉన్నవి. రంప పితూరీలో శిక్ష పడిన మన మన్యం వీరులు కొందరిని కూడ ఈ దీవులకే పంపారు. ఒక శాఖ ముఖం రెండవ శాఖ వీపుకు ఎదురుగా ఉండేటట్లు కట్టారు. కావలివాడికి అందరూ కనిపిస్తారు. ఖైదీకి ఖైదీ కనిపించడు. ఒంటరిని చేయడమే ఆ కట్టడంలోని శిక్ష. నేటి ఆట నడిపేవాడికీ ప్రతి ఆటగాడి ప్రతి పందెమూ కనిపిస్తుంది. పక్కనే పడుకున్న తల్లికి మాత్రం కనిపించదు.

ఈ జూదం దీవులకు ఎట్లా చేరినది? సముద్రగర్భం నుంచి చేరినది. దీవులవారు ఏళ్ళ తరబడి ఉపగ్రహాల మీద ఆధారపడి, ఒక ఉత్తరం పంపడానికి కూడ గంటలు నిరీక్షించేవారు. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి మోదీ చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అక్కడి నుంచి మరి ఏడు దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబులును ప్రారంభించారు. వ్యయం దాదాపు 1,224 కోట్ల రూపాయలు. అది ఎంతో మేలు చేసినదన్నది నిర్వివాదం. పిల్లలకు పాఠాలు, రోగులకు వైద్యసలహా, వర్తకులకు వ్యాపారం అందినవి. అదే తీగ వెంట చక్రమూ వచ్చినది. తీగ వేసేటప్పుడు దాని వెంట ఏమేమి వచ్చునో, వాటికి కట్టుదిట్టాలేమిటో ఆలోచించవలసినది ఎవరు? ఈ ప్రశ్న దగ్గరనే నేను మళ్ళీ ఢిల్లీకి రావలసి ఉన్నది.

పందేలు, జూదం అన్నవి రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం. అందుచేత ఇన్నేళ్ళూ కేంద్రం ‘ఇది రాష్ట్రాల వ్యవహారం’ అని తప్పుకుంటూ వచ్చినది. రాష్ట్రాలు తమకు తోచినట్లు చేసుకున్నవి. గోవా 1976 నాటి చట్టాన్ని తరువాత సవరించి జూదశాలలకు తలుపులు తెరచినది. సిక్కిం 2008లో ఆన్‌లైన్ ఆటలకు లైసెన్సులిచ్చే చట్టం చేసుకున్నది. మన తెలుగు రాష్ట్రాలు వ్యతిరేక మార్గం తొక్కినవి. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. రమ్మీ నైపుణ్యం గల ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పినది సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులోనే అన్నది ఇక్కడ గమనార్హం. ఆ తీర్పు చాటున యాభై ఏళ్ళు సాగిన ఆటలకు కూడ మన రాష్ట్రాలు అడ్డు చెప్పినవి. వాటి అమలు ఎంత బలహీనమన్నది వేరే సంగతి. బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై మన సినీతారలే 2025లో విచారణలకు హాజరు కావలసి వచ్చినది. అయినా చట్టం అంటూ ఒకటి ఉన్నది, అడిగే శాసనసభ ఉన్నది.

అండమాన్‌లో ఏమున్నది? 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం ఉన్నది. సిపాయిల తిరుగుబాటు అణగిన పదేళ్ళకు తెల్లదొరలు చేసిన చట్టమది. జూదపు ఇల్లు నడిపినవాడికి 200 రూపాయల జరిమానా లేదా మూడు నెలల ఖైదు, అందులో పట్టుబడినవాడికి 100 రూపాయలు లేదా ఒక నెల. నాలుగు గోడల ఇంటిలో పాచికలు వేసేవారిని పట్టుకోవడానికి వ్రాసిన శాసనానికి దుప్పటిలో తిరిగే చక్రం ఎట్లా చిక్కుతుంది? శ్రీకాకుళంలో ఉన్న అన్నకు 2020లో లభించిన రక్షణ, జంగ్లీఘాట్‌లో ఉన్న తమ్ముడికి 2025 దాకా లభించలేదు.

రాష్ట్రాల విషయంలో కేంద్రానికి 34వ అంశం అడ్డమన్న సాకు ఉన్నది. దీవుల విషయంలో ఆ సాకు లేదు. రాష్ట్రాల జాబితాలోని అంశాల మీద కూడ కేంద్రపాలిత ప్రాంతాలకు శాసనం చేయడానికి 246వ అధికరణం పార్లమెంటుకు పూర్తి అధికారం ఇచ్చినది. అంతకంటె సులభమైన మార్గం 240వ అధికరణం. అండమాన్ నికోబార్ దీవుల శాంతికీ, ప్రగతికీ, సుపరిపాలనకూ రాష్ట్రపతే నిబంధనలు జారీ చేయవచ్చును. ఒక్క సంతకంతో కాగల పని ఇన్నేళ్ళూ కాలేదు. అడిగేవారు లేక కాలేదు. దీవులకు శాసనసభ లేదు. రాజ్యసభలో సభ్యుడు లేడు. లోక్‌సభలో ఒక్కడే. ఆ ఒక్కడిని కూడ 1967 వరకు ప్రజలు ఎన్నుకోలేదు, రాష్ట్రపతి నియమించేవారు. అటువంటి ప్రజలకు పార్లమెంటులో జరిగే చర్చ ఒక్కటే శాసనసభ, పంచాయతీ, రచ్చబండ. ఆ చర్చ జరగకుండా చట్టం చేయడమంటే తీర్పు మంచిదే గనుక ఫిర్యాదీని పిలువనక్కరలేదని న్యాయమూర్తి అనుకోవడం వంటిది.

చట్టంలోని అంశాలు కఠినమైనవే. ఇటువంటి ఆటలు నడిపినవారికి మూడేళ్ళ వరకు ఖైదు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసినవారికి రెండేళ్ళు, 50 లక్షలు. డబ్బు చేరవేసిన బ్యాంకులకూ, సంస్థలకూ మూడేళ్ళు, కోటి. ఆడినవాడికి శిక్ష లేదు, అతడిని బాధితుడుగా చూచినది. ఇది వివేకవంతమైన నిర్ణయం. నైపుణ్యమా, అదృష్టమా అన్న అరవై ఏళ్ళ వాదాన్ని కూడ పక్కకు నెట్టినది. దేశంలో 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటలలో పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వం ప్రకటించిన అంచనా. కంపెనీలు హైకోర్టులకు వెళ్ళగా, ఆ కేసులు 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు బదిలీ అయినవి. పార్లమెంటుకు ఈ అధికారం ఉన్నదా లేదా అన్నది రాష్ట్రాల విషయంలో అక్కడ తేలవలసినదే. దీవుల విషయంలో మాత్రం ఆ సందేహానికి తావు లేదు.

నిషేధించగానే పని అయిపోలేదు. నా దృష్టిలో అప్పుడే మొదలయినది. దేశీయ కంపెనీలు చట్టం వచ్చిన వెంటనే డబ్బు ఆటలు మానుకున్నవి. వాటికి ఇక్కడ కార్యాలయాలు, ఖాతాలు, పరువు ఉన్నవి. రూలెట్ నడిపేవారు వేరు. వారి చిరునామాలు వెదకితే విచిత్రంగా అవీ దీవులే. 1994లో కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా ఆన్‌లైన్ జూదానికి లైసెన్సులు అమ్మడం ప్రారంభించినది. తరువాత కురసావ్, మాల్టా, ఐల్ ఆఫ్ మాన్ ఆ బాట పట్టినవి. పొలాలూ కర్మాగారాలూ అంతగా లేని చిన్న దీవులకు లైసెన్సు రుసుమే పంట. అమెరికా తమ ఆటలను అడ్డుకున్నదని ఆంటిగ్వా 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి అగ్రరాజ్యం మీదనే గెలిచినది. ఇంతటివారికి మన నోటీసు ఒక లెక్కా? మొనాకో రాజ్యం సంగతి ఇంకా తమాషా. మాంటికార్లో జూదశాలలో సొంత పౌరులకు ఆడే హక్కు లేదు. పరాయివాడి కొంప ఆరినా ఫరవాలేదు, తమవాడు మాత్రం బాగుండవలెనన్న రాజనీతి అది. మన ప్రభుత్వం 2022 నుంచి 2025 మధ్యకాలం వరకు దాదాపు పదిహేను వందల బెట్టింగు స్థలాలను మూయించినట్లు ప్రకటించినది. ఒకటి మూస్తే ఒక అక్షరం మార్చిన పేరుతో మరొకటి తెరుస్తున్నారు. జంగ్లీఘాట్ కుర్రవాడు పంపిన డబ్బు కూడ ఏ కంపెనీ పేరనా పోలేదు. వారానికొక కొత్త మనిషి ఖాతాకు పోయినది. తమ ఖాతాలు ఎవరో వాడుకుంటున్నారని ఆ ఖాతాదారులలో ఎందరికి తెలుసునో!

సభలో చర్చ జరిగి ఉంటే ఈ ప్రశ్నలు ఎవరో ఒకరు లేవదీసి ఉండేవారు. విదేశీ దీవిలో ఉన్నవాడికి కోటి రూపాయల జరిమానా ఎవరు వసూలు చేస్తారు? అద్దె ఖాతాలను బ్యాంకులు ఎట్లా పసిగడతాయి? కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి మీద ఆధారపడిన ఆ ఊళ్ళో మోసపోయిన చేపలవాడు ఎవరి దగ్గరకు పోయి, ఏ భాషలో ఫిర్యాదు వ్రాసుకోవాలి? బాధితుడన్న మాట చట్టంలో వ్రాసినందుకు అతడికి వైద్యం ఎక్కడ? రమ్మీ ఆడేవాడికి దేశీయ కంపెనీ తలుపు మూసుకుంటే, అతడు పోయి విదేశీ చక్రం ముందు కూర్చోడన్న నమ్మకమేమిటి? మంత్రి వద్ద సమాధానాలు ఉండి ఉండవచ్చును. అవి సభా కార్యక్రమాల నివేదికలోకి ఎక్కలేదు. రేపు అడిగితే చూపించడానికి హామీ అంటూ ఒకటి మిగలలేదు. పాతికేళ్ళుగా ఈ గ్యాలరీలో కూర్చున్న నాకు తెలిసిన సత్యం ఒకటి. చట్టం కంటె మంత్రి సభలో ఇచ్చిన హామీయే పెక్కు సందర్భాలలో పేదవాడికి ఎక్కువ పనికి వచ్చినది. దానికి హామీల సంఘం ఉన్నది, అడిగే ప్రశ్న ఉన్నది, చెప్పవలసిన సమాధానం ఉన్నది.

ప్రతిపక్షం వారికి కూడ ఈ బాధ్యతలో వాటా ఉన్నది. ఓటర్ల జాబితా చిన్న విషయం కాదు. కాని కోట్ల కుటుంబాలకు సంబంధించిన బిల్లు వచ్చిన రెండు గంటలైనా నోరు విప్పి మాట్లాడి, ఆ తరువాత నినాదాలకు తిరిగి వెళ్ళి ఉండవచ్చును. ప్రభుత్వానికి తొందర, ప్రతిపక్షానికి ఆగ్రహం. నడుమ నష్టపోయినది సభలో తన గొంతు తప్ప మరో ఆసరా లేని దీవి.

ఇప్పటికైనా చేయదగిన పనులు లేకపోలేదు. తెలుగు రాష్ట్రాల నుంచి పార్లమెంటుకు వచ్చిన సభ్యులలో ఎవరైనా ఒక్కరు, అండమాన్ దీవులలో ఈ చట్టం అమలు ఎట్లా ఉన్నదో అడగవచ్చును. తమ నియోజకవర్గం కాదు గదా అని సంకోచించనక్కరలేదు. శ్రీకాకుళం, విశాఖ ఓటర్ల అన్నదమ్ములే అక్కడ ఉన్నారు. దీవుల పరిపాలనా యంత్రాంగం తెలుగులోనూ, తమిళంలోనూ, బెంగాలీలోనూ జెట్టీల దగ్గరా, బడులలోనూ ఈ ఆట లెక్క ఏమిటో చెప్పించవచ్చును. నూటికి 2 రూపాయల 70 పైసలు, గంటకు 180 సార్లు అన్న రెండు అంకెలు చాలు. నీతిబోధ కంటె ఆ లెక్కే ఎక్కువ మందిని ఆపుతుందని నా నమ్మకం. ఆసుపత్రిలో జూదవ్యసనానికి సలహా చెప్పే మనిషిని ఒకరిని నియమించడానికి కొత్త చట్టం అక్కరలేదు.

నేను బయలుదేరే రోజున ఆ పెద్దాయన జెట్టీ దాకా వచ్చారు. మనవడు ఇప్పుడు బటన్‌ల ఫోను వాడుతున్నాడట. జీతం తాత చేతికే ఇస్తున్నాడట. బాకీలు తీరడానికి రెండేళ్ళు పట్టవచ్చునన్నారు. ఇంజను మాట ఇప్పట్లో లేదు. తండ్రి అద్దె పడవ మీద వేటకు పోతున్నాడు. “ఢిల్లీలో పెద్దోళ్ళకి సెప్పండి బాబూ. సట్టం సేసేరు, మంచిదే. మరి మమ్మల్ని ఒక మాట అడిగుంటే, ఆ డబ్బు ఏ దారిన పోయిందో మేవే సెప్పేవోళ్ళం గదా” అన్నారు.

పార్లమెంటు మరల సమావేశమైనప్పుడు ఆ ఒక్క మాట అడగడానికి సభలో తీరిక దొరుకుతుందేమో, గ్యాలరీలో కూర్చుని చూస్తాను.